ఊడ దిగిన తర్వాతే మాట

ఎడిటర్ గారికి నమస్కారం.

నేను చంద్రగిరి దగ్గర ఒక ప్రాథమిక పాఠశాలలో టీచర్‌ని. చిన్నపిల్లలకు సైన్సు మాటలు నేర్పే పద్ధతి గురించి నాలుగు మాటలు చెప్పాలని రాస్తున్నాను.

పోయిన ఆగస్టులో రెండో తరగతి పిల్లాడొకడు వాళ్ల తాత చేలో పీకిన చెనక్కాయ చెట్టును మట్టితో సహా బడికి పట్టుకొచ్చాడు. ‘టీచర్, పువ్వేమో పైన పూసింది, కాయలు కింద ఎట్లొచ్చినాయి?’ అన్నాడు. ఆ రోజు తెలుగు పాఠం పక్కన పెట్టేశాను. చెట్టును వరండాలో పేపరు మీద పరిచి అందరం చుట్టూ కూర్చున్నాం. పసుపుపచ్చ పువ్వు, అది వాడిపోయిన చోట నుంచి కిందికి దిగిన సన్నటి ఊడ, మట్టిలోకి పోయిన ఊడ చివర ఉబ్బుతున్న పిందె, ఒక్కొక్కటీ వేలు పెట్టి చూపించుకున్నారు. ఒక ఊడ మట్టిని అందుకోలేక గాల్లోనే ఎండిపోయింది, దానికి కాయ లేదు. ఎందుకు లేదో వాళ్లలో వాళ్లే వాదించుకుని, మట్టిలోకి పోతేనే, చీకట్లోనే కాయ కడుతుందని వాళ్లే తేల్చుకున్నారు. వేళ్ల మీద చిన్న బుడిపెలు కనబడితే ఒకటి గోటితో చీల్చి చూపించాను, లోపల గులాబీ రంగు. ‘దీంట్లో కంటికి కనపడని బాక్టీరియా ఉంటుంది, గాల్లో ఉండే నత్రజనిని పట్టి చెట్టుకు పెడుతుంది’ అన్నాను. నత్రజని అన్న మాట ఆ ఏడేళ్ల పిల్లల నోట ఇప్పటికీ ఉంది. నేను ఒక్కసారి కూడా రాయించలేదు, అప్పజెప్పించుకోలేదు.

ఊడ అనే మాట వాళ్ల ఇళ్లలో ఎప్పటినుంచో ఉందని కూడా గమనించాలి. ‘ఊడలు దిగినాయా?’ అని అవ్వాతాతలు అడుగుతూనే ఉంటారు. బడి చేయాల్సిందల్లా ఆ ఇంటి మాటకు పక్కనే పుస్తకం మాటను కూర్చోబెట్టడం. కానీ చాలా చోట్ల జరుగుతున్నది వేరు. మా బంధువుల పాప ఒక బడిలో యూకేజీ చదువుతోంది, ‘ఎవాపరేషన్’ స్పెల్లింగ్ పది సార్లు రాసుకు రమ్మని హోంవర్క్ ఇచ్చారు. ఆ పాప ఏడుస్తూ రాస్తుంటే పక్కనే దండెం మీద దాని గౌను ఆరుతోంది. ఆ రెండూ ఒకటేనని దానికి చెప్పినవాళ్లు లేరు. నాకు చాలా బాధేసింది.

మా బడిలో అదే మాటను ఎండాకాలంలో బండ మీద నేర్పుతాం. గ్లాసులో నీళ్లు, ఒక వేలు, అంతే ఖర్చు. తడి వేలితో పేరు రాయాలి, చివరి అక్షరం అయ్యేసరికి మొదటి అక్షరం మాయమైపోతుంది. నీడలో రాస్తే ఎంతసేపు, ఎండలో రాస్తే ఎంతసేపు, విసనకర్రతో విసిరితే ఎంతసేపు అని పందేలు. ముందు ‘ఆరిపోయింది’ అంటారు, తర్వాత ‘ఆవిరైంది’ అంటారు, అప్పుడు మాత్రమే నేను బాష్పీభవనం అనే మాట బయటికి తీస్తాను. ‘అది ఏ ఊళ్లో భవనం టీచర్?’ అని ఒక పాప అడిగింది. చాలా మంచి ప్రశ్న అది! బాష్పం అంటే ఆవిరి, భవనం అంటే ఇక్కడ అవడం అని విడదీసి చెప్తే మాట మీద భయం పోయింది. మన ప్రభుత్వ పుస్తకాల్లో ఒక పేజీ తెలుగు, ఎదురు పేజీ ఇంగ్లీషు ఉన్నాయి కాబట్టి ఎవాపరేషన్ కూడా అక్కడే దొరుకుతుంది, దాని కోసం వేరే తంటాలు అక్కర్లేదు.

ఇంట్లో కూడా చేసుకోవచ్చు. కమలాపండును తొక్కతో బకెట్లో వేస్తే తేలుతుంది, ఒలిచి వేస్తే మునుగుతుంది, తొక్కలో దాగిన గాలి గురించి మాట్లాడుకోవడానికి అది చాలు. బజ్జీలు కట్టిన కాగితం మీద నూనె మరకను వెలుతురుకు ఎత్తి పట్టి చూపించండి, పాక్షిక పారదర్శకం (వెలుతురును కొంతే పోనిచ్చేది) అనే గడ్డు మాట కూడా పిల్లలకు సులువుగా పట్టుబడుతుంది.

పెద్ద మాటలు పిల్లలకు రావు అనేవాళ్లకు ఒక్క సంగతి చెప్తాను. నవంబరు వస్తే మన తిరుపతి, చిత్తూరు పిల్లలు ఎవరిని అడిగినా అల్పపీడనం, వాయుగుండం, తీరం దాటడం అంటూ గడగడా చెప్తారు. 2021 నవంబరు వరదల తర్వాతైతే మరీనూ. శ్రీహరికోటలో రాకెట్ లేచిన రోజున కక్ష్య, కౌంట్‌డౌన్ అనే మాటలు పిల్లల ఆటల్లోకి వచ్చేస్తాయి, 2023 జులై 14న చంద్రయాన్-3 వెళ్లినప్పుడు మా వాళ్లు వారం రోజులు అదే ఆట ఆడారు. ఈ మాటలు ఎవరు బట్టీ పట్టించారు? తమకు కావాల్సిన మాట కాబట్టి వాళ్లే పట్టుకున్నారు.

మీ పత్రికకు ఒక విన్నపం. పిల్లల పేజీలో వారానికి ఒక చిన్న బాక్సు ఇవ్వండి, ఒక మాట, ఆ మాటకు ఇంట్లో చేసుకునే ఒక పని, అంతే. నిర్వచనం వద్దు. అలిపిరి దగ్గర సైన్సు సెంటర్ మనకు 1993 నుంచి ఉంది, అక్కడికి పిల్లల్ని తీసుకెళ్లే టీచర్లు కూడా దయచేసి నోటుబుక్కులు బస్సులోనే పెట్టించండి. చూసి, ముట్టుకుని, అడిగి రానివ్వండి, రాత మర్నాడు చూసుకోవచ్చు.

మా బడి వెనకాల ఈ జూన్‌లో కూడా రెండు సాళ్లు చెనక్కాయ వేస్తున్నాం. పూత జులై చివర్లో మొదలవుతుంది. చూద్దామనుకునే టీచర్లు, తల్లిదండ్రులు బడి గంట కొట్టకముందే రండి, ఆ పువ్వు మధ్యాహ్నానికల్లా వాడిపోతుంది.

– ఒక ఉపాధ్యాయురాలు, చంద్రగిరి, తిరుపతి జిల్లా