బారెన్ దీవి వార్తా, జ్వాలాపురం బూడిదా

సంపాదకులకు నమస్కారములు.

అండమాన్ సముద్రంలోని బారెన్ దీవి అగ్నిపర్వతం గురించి కిందటి వారం మీ పత్రికలో వచ్చిన కథనం చదివాను. మరుసటి రోజో ఆ మరుసటి రోజో సవరణ వేస్తారని ఎదురుచూశాను. వేయలేదు కనుక ఈ ఉత్తరం రాయవలసి వచ్చింది.

ఆ కథనంలో "శతాబ్దాల నిద్ర తరువాత మేల్కొన్న అగ్నిపర్వతం" అని పెద్ద అక్షరాల్లో వేశారు. ఇది పూర్తిగా తప్పు. బారెన్ దీవి నిప్పులు కక్కడం 1787లో తొలిసారి రికార్డులకెక్కింది. 1789లోనూ, 1795లోనూ, 1803–04లోనూ అటుగా వెళ్ళిన ఓడలవాళ్ళు దాని పొగను చూసి రాసి పెట్టారు. పందొమ్మిదో శతాబ్దంలో చల్లబడి శతాబ్దానికి పైగా ఊరకున్న మాట నిజమే గాని, ఆ నిద్ర 1991లోనే ముగిసింది. ఆ ఏడాది నెలల తరబడి లావా పారింది. తరువాత 1994–95లోనూ, సునామీ వచ్చిన మరుసటి ఏడాది 2005లోనూ మళ్ళీ రాజుకుంది. 2017 జనవరిలో గోవాలోని జాతీయ సముద్ర విజ్ఞాన సంస్థ పరిశోధకులు దాని దగ్గర సముద్రపు అడుగు నుంచి నమూనాలు తీస్తూ ఉండగా, పగటిపూట బూడిద మేఘం లేవడమూ, పొద్దుగూకాక బిలంలో నుంచి ఎర్రని లావా ఎగజిమ్మడమూ ఓడ మీద నుంచే చూశారు. 2018లోనూ, 2025 సెప్టెంబరులోనూ అది మళ్ళీ పేలింది. ముప్పై ఏళ్ళకు పైగా ఇంత మెలకువగా ఉన్న పర్వతాన్ని నిన్న గాక మొన్న నిద్ర లేచిందని రాస్తే, చదివిన పిల్లవాడు పరీక్షలో ఏమి రాయాలి? కథనం పక్కన వేసిన ఫొటోలో కొండవాలు మీద ఇళ్ళ కప్పులు స్పష్టంగా కనబడుతున్నాయి. సుమారు మూడు కిలోమీటర్ల అడ్డం మాత్రమే ఉన్న ఆ దీవిలో మనుషులే నివసించరు. పేజీ అచ్చుకు పోయే ముందు ఒక్కరైనా ఆ ఫొటోను పరకాయించి చూడలేదా? ఒకప్పుడు పత్రికను చూసి పిల్లలకు పాఠం చెప్పేవాళ్ళం. ఇప్పుడు పాఠ్యపుస్తకం తీసి పత్రికను దిద్దవలసి వస్తున్నది.

ఇంతకంటె నన్ను ఎక్కువగా బాధపెట్టింది ఆ కథనంలోని ఆఖరి వాక్యం. "దీవుల్లోని ఈ అగ్నిపర్వతాలకూ మన ప్రాంతానికీ ఎటువంటి సంబంధమూ లేదు" అని ముగించారు. ఈ మాట కర్నూలు ఎడిషన్‌లో అచ్చయింది.

భూమి పైపెంకులో కదిలే పెద్ద ముక్కలను భూఫలకాలంటారు. మన భారత భూఫలకం తనకు తూర్పున ఉన్న ఫలకం కిందికి దూరిపోతున్న అంచు వెంబడి బారెన్ దీవి లేచింది. అదే అంచును పట్టుకుని దక్షిణానికి పోతే ఇండోనేషియాలోని సుమత్రా దీవి వస్తుంది. ఆ దీవిలోని తోబా అగ్నిపర్వతం సుమారు 74,000 ఏళ్ళ కిందట పేలింది. గత ఇరవై లక్షల ఏళ్ళలో భూమి మీద అంతకు మించిన పేలుడు జరగలేదంటారు శాస్త్రవేత్తలు. పర్వతం కుంగిపోయిన చోట ఈనాడు దాదాపు వంద కిలోమీటర్ల పొడవైన సరస్సు ఉంది. ఆనాడు ఎగిరిన బూడిద రెండున్నర వేల కిలోమీటర్లకు పైగా ప్రయాణించి మన బనగానపల్లె దగ్గర, జుర్రేరు లోయలో, జ్వాలాపురం నేల మీద పడింది. పడిన బూడిదను వాననీళ్ళు పల్లానికి చేర్చగా కొన్నిచోట్ల అది రెండు మీటర్లకు మించిన మందాన పేరుకుంది. పురావస్తు పరిశోధకులు పెట్రాగ్లియా, ధార్వాడకు చెందిన రవి కొరిశెట్టర్, వారి బృందం అక్కడ తవ్వి, ఆ పొర కిందా పైనా కూడా మనుషులు చేసిన రాతి పనిముట్లు దొరికాయని 2007లో 'సైన్స్' పత్రికలో ప్రకటించారు. అంతటి ఉత్పాతాన్ని దాటుకుని మనుషులు ఈ లోయలో బతికారా, వారు ఎటువంటి మనుషులు అని ప్రపంచమంతటా పండితులు ఇప్పటికీ వాదించుకుంటున్నారు.

ఆ బూడిదను నేను దగ్గర నుంచి చూశాను. ఎర్రమట్టి మధ్య తెల్లగా, కొంచెం నీలిబూడిద రంగులో గోడలాగా తెగి నిలబడి ఉంటుంది. చేతిలోకి తీసుకుంటే తేలికగా ఉండి, వేళ్ళ మధ్య నలిపితే సన్నని గరుకు తగులుతుంది. అది కట్టె కాలిన బూడిద కాదు, కరిగిన రాయి గాలిలో గడ్డకట్టి పొడి అయిన గాజు. ఆ గరుకే దానికి ముప్పు తెచ్చింది. సబ్బుపొడుల తయారీకి పనికి వస్తుందని ఏళ్ళ తరబడి తవ్వి తరలించారు. నేను చూసిన గోడ మీద కూడా పలుగు గాట్లు ఉన్నాయి. తవ్విన కూలీలను నేను తప్పు పట్టను, దినకూలీ కోసం చేసిన పని అది. ఆ పొర ఏమిటో ఆ ఊరివాళ్ళకు చెప్పవలసిన బాధ్యత ఉన్నవాళ్ళు చెప్పలేదు. నేను వెళ్ళినప్పుడు అక్కడ ఒక కంచె గాని, ఒక బోర్డు గాని నాకు కనబడలేదు. దీని గురించి ఒక కార్యాలయంలో అడిగితే గనుల వాళ్ళను అడగమన్నారు. అక్కడికి పోతే, 2022లో జిల్లా విడిపోయింది కాబట్టి నంద్యాలకు పొమ్మన్నారు. జిల్లాలు విడిపోతే ఫైళ్ళు పంచుకున్నారు గాని బాధ్యత ఎవరి వంతుకూ వచ్చినట్టు లేదు. యాగంటికి, బెలుం గుహలకు రోజూ బస్సుల్లో, కార్లలో వచ్చే జనం ఈ లోయ పక్క నుంచే పోతున్నారు. వారికి ఈ సంగతి చెప్పే దిక్కు లేదు.

ఇటువంటి చోట్లను కాపాడడం మనకు తెలియని విద్య కాదు. కడప వైపు మంగంపేటలో అగ్నిపర్వత చర్య వల్లనే ఏర్పడిన ముగ్గురాయి పొరలను భారత భూవిజ్ఞాన సర్వేక్షణ సంస్థ జాతీయ భూవైజ్ఞానిక స్మారకాల జాబితాలో చేర్చింది. తిరుమల శిలాతోరణానికీ ఆ గౌరవం ఉంది. జ్వాలాపురం బూడిదకు కూడా ఆ స్థాయి రక్షణ అందాలి. మిగిలిన పొర చుట్టూ కంచె వేసి, అది ఏమిటో తెలుగులో బోర్డు మీద రాయించి, బడిపిల్లలను తీసుకువెళ్ళి చూపించే ఏర్పాటు చేయాలని రెండు జిల్లాల కలెక్టర్లనూ కోరుతున్నాను. ఇది కోట్లతో పని కాదు. ఆలస్యమైతే మాత్రం ఎన్ని కోట్లు పోసినా ఆ పొర తిరిగి రాదు.

తమరు కూడా తేదీలను, ఫొటోను సరిచేస్తూ అదే పేజీలో, అంతే పెద్ద అక్షరాల్లో సవరణ ప్రచురించాలి. మీ బనగానపల్లె విలేకరిని ఒక పూట జ్వాలాపురం పంపి, అక్కడ ఇప్పుడు ఎంత బూడిద మిగిలి ఉందో, తవ్వకాలు ఆగాయో లేదో విచారించి రాయించవలసిందిగా మనవి.

ఇట్లు,
విశ్రాంత సాంఘికశాస్త్ర ఉపాధ్యాయుడు,
కర్నూలు.