గురివింద గింజలతో జాగ్రత్త

సంపాదకులకు నమస్కారం.

కోనసీమ బడుల్లో పెరటి తోటలు పెంచే మాస్టార్లకు నాదొక విన్నపం. కందిని పిజియన్ పీ, శనగను చిక్ పీ, అలసందను కౌ పీ, కంచె మీద పాకే శంఖుపుష్పాన్ని బటర్‌ఫ్లై పీ అని పిల్లలకు నేర్పుతున్నాం. మంచిదే. పొలం గట్టు మీది కందిమొక్కను పీకి, గాలిలోని నత్రజనిని పట్టే వేరు బుడిపెలు కూడా చూపించాలి.

కానీ రోజరీ పీ అనే గురివిందా ఇవన్నీ ఉన్న చిక్కుడు కుటుంబంలోదే. ఎర్రటి గింజ, ఒక కొసన నల్లటి మచ్చ. చూస్తే ఏ పిల్లాడైనా జేబులో వేసుకుంటాడు. అందులోని అబ్రిన్ ప్రాణాంతక విషం! పైపెంకు గట్టిది కనుక మింగిన గింజ ఒక్కోసారి అలాగే బయటికి పోవచ్చు. నమిలితే మాత్రం చాలా ప్రమాదం. దండలకు బెజ్జం పెట్టిన గింజలు ఇంకా భయం. పూలకోసం పెంచే స్వీట్ పీ గింజలూ తినకూడదు.

పిల్లలు మింగారని అనుమానమొస్తే, బాగానే ఉన్నారు కదా అని ఆగొద్దు. లక్షణాలు కొన్ని గంటల తర్వాత గానీ బయటపడకపోవచ్చు. వెంటనే ఆస్పత్రికి తీసుకెళ్లాలి. తోటల్లో పేరు పలకలు పెట్టేటప్పుడు తినొచ్చో కూడదో కూడా రాయించమని విద్యాశాఖ అధికారులను కోరుతున్నాను.

- ఒక పాఠకురాలు, అమలాపురం