మందు చీటీ మీద బరువు రాయండి

సంపాదకులు గారికి,

నేను ఏనుమాముల మార్కెట్‌లో ఇరవై తొమ్మిదేండ్లు దడ్వాయిగా చేశాను. పత్తి, మిర్చి, మక్కలు, ఏ బస్తా వచ్చినా కాంటా పెట్టి, గోనె సంచి తరుగు తీసి, చీటీ రాయడమే నా పని. అలాంటి నేను నా భార్య బరువు రెండేండ్లపాటు చూడలేదు. ఆ తప్పు నాదే. కానీ ఆ రెండేండ్లలో ఆమెను చూపించిన దవాఖానలో కూడా ఎవరూ చూడలేదు. అందుకే ఈ ఉత్తరం.

ఆమెకు పార్కిన్సన్స్ జబ్బు. మొదట కుడిచెయ్యి వణికింది, తర్వాత గడప దగ్గరికి రాగానే కాళ్ళు నేలకు అతుక్కున్నట్టు ఆగిపోయేది. లెవోడోపా మాత్రలు మొదలుపెట్టినప్పుడు ఆమె 58 కిలోలు. రోజుకు 600 మిల్లీగ్రాముల మందు కుదిరింది. ఆ ఏడు బతుకమ్మను తనే పేర్చింది.

పోయిన దసరా తర్వాత కొత్త బాధ వచ్చింది. మాత్ర వేసిన గంటకు మెడ, భుజాలు, నడుము వాటంతటవే మెలికలు తిరిగేవి. కుర్చీలో కూర్చోలేకపోయేది. రోగం ముదిరింది, మందు చాలట్లేదు అనుకుని, ఎవరినీ అడగకుండా అర మాత్ర ఎక్కువ వేసిన రోజులూ ఉన్నాయి. తలుచుకుంటే ఇప్పటికీ నాకు నిద్ర పట్టదు.

చివరికి వేరే డాక్టరమ్మ దగ్గరికి తీసుకుపోతే, ఆ డాక్టరమ్మ ఏమీ మాట్లాడకముందే నా భార్యను కాంటా ఎక్కించింది. 46 కిలోలు. లెక్క నేనే చేసుకున్నాను: కిలోకు పది మిల్లీగ్రాములు పడాల్సిన మందు పదమూడు పడుతోంది. నేను వేసిన అర మాత్రలు అదనం. మెలికలు రోగం వల్ల కాదు, మందు ఎక్కువై వచ్చినవి.

డాక్టరమ్మ చెప్పింది నాకు అర్థమైనంత రాస్తాను. మెదడుకు కావాల్సింది డోపమైన్ అనే రసాయనం. దాన్ని నేరుగా ఇస్తే మెదడులోని రక్తనాళాల గోడ లోపలికి రానివ్వదు. లెవోడోపా మాత్రం మనం తినే ప్రోటీన్లలోని అమైనో ఆమ్లాల జాతిది. వాటికోసం ఉన్న దారిలోనే మెదడులోకి పోయి, అక్కడ డోపమైన్‌గా మారుతుంది. మాత్రలో కలిపే కార్బిడోపా ఆ గోడ దాటదు. బయటే ఉండి, మందు దారిలోనే మారిపోకుండా చూస్తుంది. మనిషి చిక్కిపోతే అంతే మందు చిన్న ఒంట్లో సర్దుకోవాలి కాబట్టి రక్తంలో చిక్కబడుతుంది, మెదడు గుమ్మం దగ్గరికి ఎక్కువ చేరుతుంది. బరువు తక్కువున్నవారికి, ఆడవారికి ఈ మెలికల ముప్పు ఎక్కువని స్ట్రైడ్-పీడీ అనే పరిశోధన మీద 2013లో వచ్చిన విశ్లేషణలో కూడా తేలిందట.

ఇంకో పొరపాటూ చేశాను. బలం వస్తుందని మాత్రతోపాటే ఉడికిన గుడ్డు, గ్లాసు పాలు ఇచ్చేవాణ్ణి. మిర్చి సీజన్‌లో మార్కెట్ గేటు ముందు బండ్లు బారులు తీరినప్పుడు వెనకొచ్చిన బండి ఆగిపోవడం రోజూ చూసినవాణ్ణే, అయినా ఇది తట్టలేదు. గుడ్డులోని ప్రోటీన్, మందు ఒకే గేటుకు పోటీ పడతాయి. అందుకే ఒక్కో పూట మందు పనిచేసేది కాదు. ఇప్పుడు మాత్ర వేసిన అరగంట తర్వాతే తిండి, గుడ్డు రాత్రిపూట.

మా చుట్టుపక్కల కొందరు దూలగొండి గింజల పొడి వాడమంటున్నారు. ఆ గింజల్లో ఉన్నదీ లెవోడోపాయే. మాత్రలు వేసుకుంటూ చెంచాతో కొలిచి అది కూడా తింటే ఎంత మందు పడుతుందో ఎవరు లెక్క చెప్తారు? డాక్టర్‌కు చెప్పకుండా దయచేసి వాడకండి. మాత్రలు మీ అంతట మీరు ఆపకండి, తగ్గించకండి కూడా. ఒక్కసారిగా ఆపితే ప్రాణం మీదికొస్తుంది.

ఈ జబ్బులో వాసన తెలియదు, మింగడం కష్టం, మెలికలు ఉన్న బలాన్ని కూడా తినేస్తాయి. మనిషి తగ్గిపోతుంటే వయసనుకుంటాం. ఓపీలో రద్దీ నాకు తెలుసు, డాక్టర్లకు ఊపిరాడదు. కానీ బరువు చూడటానికి డాక్టరే అక్కర్లేదు. లైన్లో నిల్చున్నప్పుడే చూడొచ్చు. జిల్లా వైద్యాధికారులను నేను కోరేది ఒక్కటే: ప్రాథమిక ఆరోగ్య కేంద్రం నుంచి పెద్దాసుపత్రి దాకా ప్రతి మందు చీటీ మీద, తేదీ పక్కన బరువుకు ఒక గడి పెట్టించండి. గడి ఉంటే ఖాళీగా వదలడానికి చెయ్యి రాదు.

డాక్టరమ్మ మోతాదు తగ్గించి, ఎక్కువ విడతలుగా పంచింది. మెలికలు చాలావరకు తగ్గాయి. ప్రతి నెలా ఒకటో తారీఖున, పొద్దుగాల తినకముందు, చెప్పులు విప్పించి నేనే కాంటా ఎక్కిస్తున్నాను. ఈ నెల 47 కిలోల 500 గ్రాములు.

– ఒక రిటైర్డ్ దడ్వాయి, ఏనుమాముల, వరంగల్