తొమ్మిది గళ్లలో మా ఇల్లు

సంపాదకులకు,

సెలవులకు వచ్చిన మా మనవడు పాత క్యాలెండర్ కాగితం వెనక తొమ్మిది గళ్లు గీసి ఇంటిల్లిపాదినీ వాటిలో కూర్చోబెట్టాడు. ఒక్కొక్కరూ ఒక్కో కల్పిత పాత్రగా ఆడే 'డంజన్స్ అండ్ డ్రాగన్స్' ఆటలో పాత్రల స్వభావాలట. అడ్డంగా చట్టం, తటస్థం, అరాచకం. నిలువుగా మంచి, తటస్థం, చెడు. 1974లో గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ ఆ ఆట తెచ్చినప్పుడు మొదటి మూడే ఉండేవి, మంచిచెడులు తర్వాత చేరాయి.

ముప్పయ్యేళ్లు లెక్కల మాస్టారుగా చేసిన నన్ను 'చట్టం, మంచి' గడిలో వేశాడు. మా ఆవిడ ఫక్కున నవ్వింది. ప్లాట్‌ఫాం టికెట్ లేకుండా స్టేషన్‌లో అడుగుపెట్టనన్న మాట నిజమే. కానీ పరీక్ష హాల్లో చలిజ్వరంతో వణుకుతున్న పిల్లాడికి గంట కొట్టాక పది నిమిషాలు ఎక్కువిచ్చి, వాడి పేపరు కట్ట అడుగున దూర్చిందీ నేనే. పనిమనిషి నెల మధ్యలో అడ్వాన్సు అడిగితే 'ఒకటో తారీఖునే' అన్నదీ నేనే. మరి నాది ఏ గడి?

1920లలో అమెరికాలో హార్ట్‌షార్న్, మే అనే పరిశోధకులు వేలమంది బడిపిల్లల నిజాయితీని పరీక్షించారు. ఒకచోట మోసం చేసిన పిల్లాడు మరోచోటా చేస్తాడని గట్టిగా చెప్పలేమని తేల్చారు. ఆటలో పాత్ర నడపడానికి గడి అక్కరకొస్తుంది, కాదనను. సంబంధాలు చూసేటప్పుడూ ఉద్యోగాలిచ్చేటప్పుడూ మనుషుల్ని అలా సర్దేయడమే నాకు మింగుడుపడదు. (జాతకానికైనా పన్నెండు గళ్లున్నాయి!)

మా ఆవిడ పేరు మాత్రం ఏ గడిలోనూ లేదు. వాడికి ధైర్యం చాల్లేదట.

– ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు, తెనాలి