ఆ బిళ్ళల్ని తోమొద్దురా శీనూ

తిరుపతి,
ఆదివారం

రేయ్ శీనూ,

నువ్వు పంపిన నాణేల ఫోటోలన్నీ జూమ్ చేసి మరీ చూశా. ఒక్కో బిళ్ళకీ విడిగా మెసేజ్ పెడితే కలగాపులగం అయిపోతుందని ఇలా తీరిగ్గా రాస్తున్నా.

అన్నిటికంటే ముందు అమ్మకి చెప్పు, పూజ సామాను తోమినట్టు వీటిని చింతపండు పెట్టి తోమొద్దని. కొత్త నాణేన్ని లైటు కింద అటూ ఇటూ వంచితే మెరుపు గుండ్రంగా తిరుగుతుంది చూడు, అది నాణెం కొట్టే అచ్చు దెబ్బకి లోహం బయటికి పాకినప్పుడు పడే సన్నటి గీతల వల్ల వచ్చేది. ఒక్కసారి రుద్దితే పోతుంది, మళ్ళీ రమ్మన్నా రాదు. నల్లబడిన వెండి రూపాయిని నల్లగానే ఉండనీ.

ఇక అసలు సంగతి. నాణెం మీద ఏ తేడా కనబడినా నేను చూసేది ఒకటే, అది అచ్చు పడకముందు వచ్చిందా, పడేటప్పుడా, పడిన తర్వాతా అని. మొదటి రెండూ టంకశాల తప్పులు, వాటికే విలువ. తర్వాత వచ్చిందైతే వట్టి దెబ్బే.

నీ 5 రూపాయల బిళ్ళ ఉంది కదా, ఒక పక్క నెలవంకలా కొరికేసినట్టు! చూడగానే గుండె ఝల్లుమంది. రేకులోంచి బిళ్ళలు కత్తిరించే మిషన్, ముందే కత్తిరించిన కంత మీదికి కాస్త జరిగి పడితే ఇలా వస్తుంది. కానీ ఇంట్లో కటింగ్ ప్లేయర్‌తోనో ఆకురాయితోనో కూడా ఎవడైనా చేయొచ్చు. అందుకే కొరుకు ఉన్న చోట కాకుండా దానికి సరిగ్గా ఎదురుగా ఉన్న అంచుని భూతద్దంతో చూడు. అచ్చుకి ముందు బిళ్ళని దొర్లించి అంచు లేపుతారు. ఒక పక్క లోహం లేకపోతే ఎదురు పక్క ఒత్తిడి అందక అక్కడ అంచు పల్చగా, మసకగా ఉండిపోతుంది. నీ ఫోటోలో నాకు అలాగే కనిపించింది, అయినా చేతిలో పట్టుకుని చూడందే ఒట్టేసి చెప్పను.

రూపాయి బిళ్ళ మీద గీతలన్నావు. గోరు పెట్టొద్దు, లైటు పక్క నుంచి పడనిచ్చి చూడు. గీత ఉబ్బెత్తుగా ఉంటే అది అచ్చు మీద పడిన గీతో, అచ్చు పగులో. లోతుగా ఉంటే చాలావరకు గీసుకుపోయిందే. ఆ చిన్న చిన్న నొక్కులు మాత్రం బిళ్ళలు సంచుల్లో ఒకదాన్నొకటి గుద్దుకున్నవి. మన కొండ మీద హుండీ చిల్లర పరకామణిలో కుప్పలుగా దొర్లుతుంది కదా, అలా దొర్లిన దేనికైనా అవి తప్పవు.

ఒక వైపు బొమ్మ, రెండో వైపు అదే బొమ్మ తిరగబడి లోతుగా ఉందన్నావే, దాన్ని మనవాళ్ళు లఖీ అంటారు. ముందు కొట్టిన నాణెం అచ్చుకే అతుక్కుపోతే తర్వాతి బిళ్ళ మీద దాని ముద్ర పడుతుంది. అసలైన లఖీలో బొమ్మ వైపు శుభ్రంగా, ఎత్తుగా ఉంటుంది. రెండు నాణేలు వైస్‌లో బిగించి నొక్కిన దొంగ సరుకులో పాత బొమ్మ ఆనవాళ్ళు మిగులుతాయి, వెనక వైపు చదునైపోతుంది.

తాతగారి విక్టోరియా రూపాయి మీది చిన్న గాటు చూసి దిగులు పడకు. వెండి మంచిదో కాదో చూడ్డానికి డబ్బు మార్చే షరాబులు అలా ముద్ర కొట్టేవాళ్ళు. ధర తగ్గుతుంది, నిజమే, నాకు మాత్రం అలాంటివే ఇష్టం, ఎంతమంది చేతులు మారిందో తెలుస్తుంది. ఆ రూపాయి 11.66 గ్రాములు ఉండాలి, నగల షాపులో తూకం వేయించు. చంద్రగిరి రాజుల కాలం నాటి వరహాల్లో బొమ్మ పక్కకి జరిగి ఉంటే తప్పని ఎవరూ అనరు, చేత్తో సుత్తి పెట్టి కొట్టినవి. మిషన్ మీద కొట్టినదాంట్లో జరిగితేనే విశేషం. సంవత్సరం కింద చిన్న నక్షత్రం ఉంటే అది మన హైదరాబాద్ టంకశాల గుర్తు, దాన్ని లోపం అనుకోకు.

వైష్ణోదేవి బొమ్మ ఉన్న 2012 బిళ్ళకి లక్షలిస్తామని ఎవడైనా ఫోన్ చేస్తే పెట్టేయ్. ముందు కమీషన్ కట్టమంటారు. రిజర్వ్ బ్యాంక్ పేరు చెప్పి ఇలా డబ్బులు గుంజుతున్నారని ఆ బ్యాంకే 2021 ఆగస్టులో హెచ్చరించింది.

ఆ లఖీ రెండు వైపులా ఫోటో తీసి పంపు, ఫ్లాష్ వేయకు, కిటికీ వెలుగు చాలు. చిత్తూరు నుంచి బస్సెక్కేటప్పుడు అన్నీ ఒకే సంచిలో పోయకుండా ఒక్కోదాన్నీ కాగితంలో చుట్టి తీసుకురా.

నీ
రమణ