కాటాకెక్కుతున్న గిత్తల మెడల్స్

సంపాదకులు గారికి నమస్కారం.

వెండి రేటు ఎక్కినప్పటినుంచి మా ఒంగోలు వైపు ఇళ్ళల్లో పాత పెట్టెలన్నీ బయటికొస్తున్నాయండి. తెగిన పట్టీలు, కుంకుమ భరిణెలతో పాటు తాతలకి పశువుల ప్రదర్శనల్లో ప్రైజుగా వచ్చిన మెడల్స్ కూడా వెండికొట్టుకి పోతున్నాయి, కాటా మీద పెట్టేదాకే అది మెడల్, తర్వాత ఇన్ని గ్రాములు, ఇంత తరుగు, అంతే. ఈమధ్య ఒకటి కరిగించబోతుంటే నేనే తూకం రేటుకి కొనుక్కొచ్చా. ఒకపక్క ఐదో జార్జి తల, ఇంకోపక్క మూపురం ఎత్తిన గిత్త, అంచు మీద రైతు పేరు చెక్కారు గానీ ఏటా పండక్కి చింతపండేసి తోమినట్టున్నారు, ఇంటిపేరు తప్ప ఏమీ మిగల్లేదు. మా తాతదైతే మేనత్త పెళ్ళికి పట్టీలైపోయిందంట, అప్పటి అవసరం అది, ఏమంటాం.

మెడల్ మీద జిల్లా పేరు చూసినా బోలెడు కథ తెలుస్తుంది. ఒంగోలు తాలూకా 1904 దాకా నెల్లూరు జిల్లాలో ఉండేది, తర్వాత గుంటూరుకి పోయింది, 1970లో కొత్త జిల్లా వచ్చింది. బ్రెజిల్ వాళ్ళు మన ఒంగోలు జాతిని ఇప్పటికీ నెలోర్ అనే పిలుస్తారంటే ఆ పాత జిల్లా పేరే కదా. అక్కడ వాటి మందలు కోట్లల్లో ఉన్నాయి, ఇక్కడ గిత్తకి ప్రైజు వచ్చిందని చెప్పే బిళ్ళ మాత్రం పట్టీలవుతోంది.

కలెక్షన్ చేసేవాళ్ళని తప్పుపట్టను, నేనూ ఆ పిచ్చోణ్ణే. కాకపోతే ఫోన్లో బేరమాడి కొరియర్‌లో తెప్పించుకుంటే బిళ్ళ వస్తుంది గానీ ఏ ఊరు, ఎవరి గిత్త, ఆ ముక్క రాదు. ఇంకోటి, నూరేళ్ళు దాటిన ఇట్టాంటి వస్తువుల్ని సొంతంగా విదేశాలకి పంపడం 1972 నాటి పురావస్తువుల చట్టం ప్రకారం నేరం, ఇది చాలామందికి తెలీదు.

నేనడిగేది పెద్ద మ్యూజియం ఏం కాదు. సంక్రాంతికి ఊరూరా బండలాగుడు పోటీలు పెడతారు కదా, గిత్తల వయసుని బట్టి రెండు పళ్ళు, నాలుగు పళ్ళు, సీనియర్స్ అంటూ రాత్రి దాకా జనం కదలరు. అక్కడే పశుసంవర్ధక శాఖ వాళ్ళు ఒక టేబుల్ వేసి, ఇళ్ళల్లో ఉన్న మెడల్స్ తెమ్మని, రెండుపక్కలా అంచూ ఫోటో తీసి, ఊరు పేరు, ముసలోళ్ళు చెప్పింది రాసుకుని, వస్తువు వాళ్ళ చేతికే ఇచ్చేస్తే చాలు. ఇష్టపడి ఇచ్చేవాళ్ళవి ఒంగోలు జాతిని పెంచే చదలవాడ ప్రభుత్వ పశుక్షేత్రంలో ఒక అద్దాల బీరువాలో పెట్టొచ్చు, పశువులూ అక్కడే ఉన్నాయి. తెచ్చేముందు చింతపండుతో తోమొద్దని మాత్రం ముందే మైకులో చెప్పించండి.

- ఒక రైతు, ఒంగోలు