ఏడాకులపాల సంగతి సరే, పుప్పొడి లెక్క ఏది?

సంపాదకుల వారికి నమస్కారం.

అక్టోబరు సగం దాటితే విశాఖలో సాయంత్రం పూట వీధులన్నీ ఒకటే ఘాటు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను నగరంలోని పచ్చదనాన్ని ఊడ్చేశాక, తొందరగా ఎదుగుతుందని, పశువులు ముట్టవని ఏడాకులపాల మొక్కల్ని రోడ్ల వెంట వరసగా నాటారు. అవే ఇప్పుడు మానులై డిసెంబరు దాకా పూస్తున్నాయి. తుమ్ములు, కళ్ల దురద, ఆయాసం అంటూ వైద్యులమైన మా దగ్గరికి వచ్చేవారిలో ఎక్కువమంది వేలెత్తి చూపేది ఆ చెట్టునే. కొట్టేయాలని కొందరు, వద్దని కొందరు. అసలు గాలిలో ఏ పుప్పొడి ఎంత ఉందని మాత్రం ఎవరూ అడగడం లేదు.

పూత మీదున్న ఏడాకులపాల కొమ్మను వంచి చూడండి. చివరన ఆకుపచ్చ కలిసిన తెల్లపూలు గుత్తిగా ఉంటాయి. ఒక్కో పువ్వుకు సన్నటి గొట్టం, పుప్పొడి తిత్తులు ఆ గొట్టం లోపలే. రాత్రిపూట పురుగుల్ని రప్పించుకోవడానికే అంత వాసన. పురుగుల మీద ఆధారపడే పూల పుప్పొడి సాధారణంగా జిగటగా ఉంటుంది, గాలికి లేచి కిలోమీటర్ల దూరం పోదు. చెట్టును ఆనుకుని ఉన్న ఇంట్లో, పూలగుత్తి ఎత్తులో కిటికీ ఉన్న గదిలో దాని బాధ నిజమే. నాలుగు వీధుల అవతల ఉన్నవారి తుమ్ములకు కారణం వేరే ఉండే అవకాశమే ఎక్కువ. పైగా ఘాటు వాసన ముక్కు పొరల్ని రేపి తలనొప్పి, తుమ్ములు తెప్పించడం వేరు, అలర్జీ వేరు. వాసనకు దూరంగా పోగానే తగ్గి, కళ్లు పెద్దగా దురద పెట్టకపోతే అది చికాకు. కళ్లు, అంగిలి దురద పెడుతూ, నీళ్లలాంటి ముక్కు కారుతూ గంటల తరబడి సాగితే అలర్జీని అనుమానించాలి. ఉబ్బసం ఉన్నవారికి మాత్రం రెండూ ముప్పే.

సరిగ్గా ఆ నెలల్లోనే ఖాళీ స్థలాల్లో రెల్లు పూస్తుంది, వానలకు పెరిగిన గడ్లన్నీ కంకులేస్తాయి, వయ్యారిభామ నడుముల ఎత్తు ఉంటుంది. తీరం పొడవునా సరుగుడు తోటలున్నాయి. సరుగుడు ఏటా రెండు విడతలు, ఫిబ్రవరి–ఏప్రిల్ నడుమ ఒకసారి, సెప్టెంబరు–అక్టోబరులో ఒకసారి పూస్తుంది. పుప్పొడిని పూర్తిగా గాలికే వదులుతుంది. వాసన లేదు, కంటికి ఆనే పువ్వూ లేదు, అందుకే దాన్ని ఎవరూ అనుమానించరు! సర్కారు తుమ్మ పుప్పొడి పడనివారు దేశమంతటా ఉన్నారు. ఇక తుపాన్ల కాలం కూడా ఇదే కనుక నానిన గోడల బూజు, తేమకు పరుపుల్లో పెరిగే ధూళిపురుగులు ఉండనే ఉన్నాయి. పూత అయిపోయాక కూడా ఏడాది పొడవునా పొద్దున లేవగానే తుమ్ములొస్తుంటే చెట్టును కాదు, పరుపును చూడాలి. దుప్పట్లు, గలీబులు వారానికోసారి 60 డిగ్రీల వేడినీటిలో ఉతికితే ధూళిపురుగులు చస్తాయి. చన్నీళ్లకు చావవు.

ఈ చిక్కుముడి విప్పాలంటే లెక్కపెట్టాలి. రోజూ చూసే వాయునాణ్యత సూచీలో ఎనిమిది కాలుష్యకాలే ఉన్నాయి, పుప్పొడి అందులో లేదు. సూచీ ఆకుపచ్చలో ఉన్న రోజున కూడా ముక్కు కారడంలో వింతేమీ లేదు. పుప్పొడిని కొలిచేందుకు బర్కార్డ్ ట్రాప్ అనే పరికరం ఉంది. నిమిషానికి 10 లీటర్ల గాలిని సన్నటి చీలికలోంచి పీలుస్తుంది. లోపల డ్రమ్ముకు చుట్టిన జిగురు టేపు గంటకు 2 మిల్లీమీటర్ల చొప్పున కదులుతుంది. రోజుకు 48 మిల్లీమీటర్ల ముక్క కత్తిరించి, రంగు వేసి, మైక్రోస్కోపు కింద జాతులవారీగా లెక్కిస్తే ఘనపు మీటరు గాలికి ఎన్ని రేణువులో తేలుతుంది. దాన్ని నాలుగైదు అంతస్తుల మేడపైన, పక్కన చెట్టు ఆనని చోట బిగించాలి.

ఈ లెక్కలో తప్పు జరిగే చోట్లు ఉన్నాయి. డ్రమ్ము గడియారపు స్ప్రింగుతో తిరుగుతుంది, పంపు కరెంటుతో నడుస్తుంది. కరెంటు పోతే పంపు ఆగుతుంది కానీ టేపు కదులుతూనే ఉంటుంది. ఆ మేర ఖాళీగా కనిపించేసరికి ‘ఆ వేళ పుప్పొడి లేదు’ అని రాసేస్తారు. కోతల వేళలు రాసిపెట్టుకోవాలి, లేదా పంపుకు బ్యాటరీ పెట్టాలి. పరికరాన్ని గాలికి ఎదురుగా తిప్పే తోకరెక్క బేరింగులు ఉప్పుగాలికి బిగుసుకుంటే, గాలి పీల్చే మూతి గాలికి ఎదురు తిరగదు, లెక్క తక్కువ వస్తుంది. చండీగఢ్‌లో పీజీఐ అనే ప్రభుత్వ వైద్య సంస్థ వైద్యులు, ఏ నెలలో ఏ పుప్పొడి ఎంత ఉంటుందో చెప్పే పుప్పొడి క్యాలెండరు తయారుచేశారు. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో వృక్షశాస్త్ర విభాగం, పక్కనే పెద్దాసుపత్రులు ఉన్న ఊరికి ఇది తలకు మించిన పని కాదు. వాడుకకు పనికొచ్చే క్యాలెండరు కావాలంటే రెండు మూడేళ్లు ఆపకుండా లెక్కించాలి. గాజుపలకకు వాజలీను రాసి మేడ మీద ఒక రోజు ఉంచే పద్ధతి బడిపిల్లలకు చూపించడానికి బాగుంటుంది. అయితే అందులో బరువైన రేణువులే ఎక్కువ పడతాయి, గాలి పరిమాణం తెలియదు, కాబట్టి వైద్యానికి చాలదు.

ఆ లెక్క వచ్చేలోగా చేయగలిగినవి కొన్ని. రాత్రి, తెల్లవారుజామున గాలి నేల మీంచి కడలివైపు వీస్తుంది. శీతాకాలంలో కొండల నడుమ పల్లంలో చల్లగాలి కదలక నిలబడిపోతుంది, పుప్పొడి, దుమ్ము కిందే ఉండిపోతాయి. ఉబ్బసం ఉన్నవారు నడకను పొద్దుటే పెట్టుకోకుండా, సముద్రపు గాలి తిరిగాక పెట్టుకోవడం మేలు. ఆరుబయట ఆరేసిన పక్కబట్టల్ని మాపటేళ దాకా వదిలేయొద్దు. పుప్పొడి రేణువులు ఎక్కువగా 10 నుంచి 100 మైక్రాన్లు ఉంటాయి కనుక సరిగ్గా అమరిన మామూలు సర్జికల్ మాస్కు కూడా చాలావరకు ఆపుతుంది.

ముక్కు కడగడానికి మరిగించి చల్లార్చిన నీళ్లు పావు లీటరు, అయొడీను కలపని ఉప్పు అర టీస్పూను, వంటసోడా చిటికెడు. కొళాయి నీళ్లు నేరుగా వాడొద్దు. వాటిలో అరుదుగా ఉండే అమీబా ముక్కు దారిన మెదడుకెక్కితే ప్రాణాంతకం. ఉప్పు తక్కువైతే ముక్కు మండుతుంది, ఎక్కువైనా మండుతుంది.

స్టెరాయిడ్ ముక్కు స్ప్రే పనిచేయడం లేదనేవారిలో చాలామంది కొట్టే తీరే తప్పు. తల వెనక్కి వాల్చితే మందు గొంతులోకి జారుతుంది. నడిమి గోడకేసి కొడితే పుండుపడి రక్తం కారుతుంది. తల కొంచెం ముందుకు వంచి, కుడి ముక్కులో ఎడమచేత్తో, ఎడమ ముక్కులో కుడిచేత్తో, మొన చెవివైపు తిప్పి కొట్టి మెల్లగా పీల్చాలి. దాని పూర్తి గుణం తెలియడానికి వారం, రెండు వారాలు పడుతుంది. ఏటా అక్టోబరులో బాధపడేవారు డాక్టరుతో మాట్లాడి సెప్టెంబరు చివరిలోనే మొదలుపెట్టాలి. రెండు రోజులు కొట్టి మానేస్తే డబ్బు దండగ.

ముక్కు బిగిస్తే వేసుకునే జైలోమెటాజోలిన్ వంటి చుక్కల మందు అయిదు రోజులు మించితే, మానగానే ముక్కు మరింత బిగుస్తుంది. అలర్జీ మాత్రల్లో సెట్రిజిన్ మత్తు తెప్పించవచ్చు, వేసుకుని బండి నడపొద్దు. ఫెక్సోఫెనాడిన్‌కు మత్తు తక్కువ, కానీ పండ్లరసంతో మింగితే ఒంటికి సరిగా పట్టదు. మాంటెలుకాస్ట్ కలిసిన మాత్రను మందుల దుకాణంలో అడిగి నెలల తరబడి మింగేవారున్నారు. దానివల్ల కొందరిలో పీడకలలు, దిగులు, ఆత్మహత్య ఆలోచనలు రావచ్చని 2020లో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ మందు సమాచార పత్రంలో గడి కట్టి మరీ గట్టిగా హెచ్చరించింది. అన్నిటికన్నా మమ్మల్ని భయపెట్టేది సీజనుకొక స్టెరాయిడ్ ఇంజెక్షను. మర్నాటికే హాయినిస్తుంది కనుక జనం అడిగి మరీ వేయించుకుంటారు. చక్కెర పెరగడం, ఎముకలు గుల్లబారడం ఆ తర్వాత బయటపడతాయి. పిల్లికూతలు, రాత్రి దగ్గు, మాట్లాడితే ఒక వాక్యం పూర్తిచేయలేనంత ఆయాసం ఉంటే అది ముక్కు జబ్బు కాదు, ఆసుపత్రికి వెళ్లాల్సిందే.

ఏ పుప్పొడి పడదో తేల్చే చర్మపరీక్షకు అయిదు నుంచి ఏడు రోజుల ముందు అలర్జీ మాత్రలు ఆపకపోతే ఫలితం అబద్ధం చెబుతుంది. స్టెరాయిడ్ ముక్కు స్ప్రే ఆపక్కర్లేదు.

చెట్ల విషయం. ఏడాకులపాలను ఒక్కసారిగా నరికితే నీడ పోతుంది, అందుకే విడతలవారీగా మార్చాలి. పూలు కొమ్మల కొసనే వస్తాయి కనుక ఆసుపత్రులు, బడులు, ఇళ్ల కిటికీల పక్కనున్న వాటి కొసలను ఆగస్టులోనే కత్తిరిస్తే ఆ ఏటి పూత తగ్గుతుంది. పూత మీద కత్తిరించడం, ఇప్పుడు చేస్తున్నదదే, పుప్పొడిని కూలీల మొహాన దులపడమే. పాలు కళ్లలో పడకుండా వారికి అద్దాలు, తొడుగులు ఇవ్వాలి. కొత్తగా నాటేచోట ఉప్పుగాలికి తట్టుకునే పొన్న, గంగరావి, కానుగ ఉన్నాయి. వరసంతా ఒకే జాతి మాత్రం వద్దు. మళ్లీ అన్నీ ఒకేసారి పూస్తాయి.

లెక్క మొదలైతే పత్రికలు ఉష్ణోగ్రతల పక్కనే దాన్ని వేయాలని మా కోరిక. అంకె ఒక్కటే చాలదు, ఏ జాతిదో కూడా ఉండాలి. ‘పుప్పొడి ఎక్కువ’ అని ఊరికే వేస్తే, సరుగుడు పడనివారు గడ్డి పూతకు మాత్రలు మింగుతారు.

— కొందరు శ్వాసకోశ వైద్యులు, వృక్షశాస్త్ర అధ్యాపకులు,
విశాఖపట్నం